కీ పోతే లెక్క గల్లంతే!

పెదపారుపూడి రైతుల ధాన్యం లెక్కను పీహెచ్‌పీలో రాస్తున్నారనుకోండి. సర్వే నంబరే కీ. దాని లోపలి అరేలో రైతు పేరు, బస్తాల సంఖ్య. మనకు బస్తాలు మాత్రమే కావాలి.

చాలామంది 2013లో 5.5 వెర్షన్‌తో వచ్చిన ‘అరే_కాలమ్’ వాడేస్తారు. బస్తాలైతే వస్తాయి కానీ, సర్వే నంబర్లు పోయి 0, 1, 2 వచ్చి కూర్చుంటాయి. పైగా ఎవరికైనా బస్తాల గడి లేకపోతే ఆ రైతును వదిలేసి, కింది లెక్కను పైకి జరిపేస్తుంది. ఇక ఒకరి డబ్బు మరొకరి ఖాతాలో పడ్డట్టే!

దీనికి మందు ‘అరే_మ్యాప్’. ఒక్క అరేనే ఇస్తే కీలు చెక్కుచెదరవు. గడి లేనిచోట ‘నల్’ వచ్చేలా ఫంక్షన్ రాసుకోండి. సర్వే నంబరు లోపలి అరేలోనూ ఉంటే, దాన్ని అరే_కాలమ్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చినా కీలు నిలుస్తాయి. ఇంటర్వ్యూలో ఈ తేడా అడిగితే, బస్తాల లెక్కే చెప్పండి.