కరక్కాయ సిరా, ఎబొనైట్ కలం

మానుకోట బజారులో "సిరా ఉందా?" అని అడిగితే ముందు ప్రింటర్‌లో పోసే ఇంకు సీసా తీసి చూపిస్తారు. అది కాదంటే స్టాంపు ప్యాడు మీద చల్లే ఊదారంగు బుడ్డి వస్తుంది. అదీ కాదంటే దుకాణాయన స్టూలెక్కి, పై అరలోంచి దుమ్ము పట్టిన నీలం సీసా ఒకటి దించి, "పిల్లల ప్రాజెక్టుకా మేడం?" అంటాడు. నాకే అని చెప్తే నమ్మడు.

నేను తెలుగు టీచర్ని. పుట్టిల్లు జనగామ జిల్లాలో పాలకుర్తి దగ్గర, ఉద్యోగం మానుకోట జిల్లాలో, మా ఆయనది భూపాలపల్లి సింగరేణిలో కొలువు. సెలవు వస్తే ఈ మూడింటి మధ్యా తిరగడమే. ఎక్కడికి పోయినా సంచిలో ఇంకు పెన్నుల డబ్బా ఉంటుంది. "పంతులమ్మా, పది రూపాయల పెన్నుతోని ఒడ్వని పని ఏమున్నదే?" అంటాడు మా ఆయన. నిజమే, ఒడుస్తది. పని ఒడ్వడానికే అయితే ఆ పెన్ను కూడా అక్కర్లేదు, ఫోనులో కొట్టేయొచ్చు.

ఇంకు పెన్నంటే చాలామందికి తాతగారి జేబు, పాత సినిమాలో జడ్జిగారి సంతకం గుర్తొస్తాయి. నాకు ఆ జ్ఞాపకాల మీద అంత ప్రేమ లేదు. నన్ను పట్టుకున్నది వేరు. ఈ వస్తువు విప్పితే విడిపోతుంది, చూస్తే అర్థమవుతుంది, పాడైతే మన చేతులతోనే బాగవుతుంది. ఇంట్లో అట్లాంటి వస్తువులు ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి.

లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చెప్తాను. పాళీకి మధ్యలో వెంట్రుకంత సన్నని చీలిక ఉంటుంది. పాళీ కింద నాలుక, దాన్నే ఫీడ్ అంటారు. ఆ నాలుక మీద సన్నని కాలువ. సన్నని సందు దొరికితే ద్రవం దానంతట అదే పాకుతుంది. దీపం వత్తి నూనె పీల్చుకునేది ఈ గుణంతోనే. సిరా ఒక చుక్క బయటికి పోతే దాని చోటులోకి అంతే గాలి లోపలికి రావాలి. రాకపోతే రాత ఆగుతుంది, ఎక్కువ వస్తే కాగితం మీద మచ్చ పడుతుంది. ఈ రాకపోకల లెక్క కుదరడానికే చాలా కాలం పట్టింది. పెట్రాకె పొయెనారు అనే రొమేనియా కుర్రాడు పారిస్‌లో చదువుకుంటూ 1827లో ఫౌంటెన్ పెన్నుకు పేటెంటు తీసుకున్నాడు. కానీ అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందాకే అది నమ్మి జేబులో పెట్టుకునే వస్తువు అయింది. ఫీడ్ కింద దువ్వెన పళ్లలా కనిపించే గాట్లు అందం కోసం కాదు. ఎక్కువైన సిరా కారిపోకుండా కాసేపు వాటిలో ఆగుతుంది.

మన తెలుగు కలం రాజమండ్రిది. కోసూరి వెంకటరత్నం గారు గాంధీజీ స్వదేశీ మాట పట్టుకుని 1932లో అక్కడ కలాల తయారీ మొదలుపెట్టారు. ఆయన చేసిన కలం ఒకటి అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన జె.సి. కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. బజారులో దొరికే విదేశీ కలాలకు బదులు దీన్ని వాడుకోవచ్చని గాంధీజీ 1935 జూలై 16న ఉత్తరం రాశారు. కోటగుమ్మం దగ్గరి ఆ దుకాణం పెన్నుల పిచ్చి ఉన్నవాళ్లకు ఇప్పటికీ యాత్రాస్థలమే. మన వైపు నుంచి అయితే హైదరాబాద్ ఆబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్ దగ్గర. అది 1928 నాటిది.

రాజమండ్రి కలాల ఒంటికి పేరు ఎబొనైట్. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ కలిపి ఉడికిస్తే అది సాగే గుణం పోగొట్టుకుని కొమ్ములా గట్టిపడుతుంది. ఆ కడ్డీని లేతు మీద తిప్పి, లోపల తొలిచి, మరలు కోసి పెన్ను చేస్తారు. పాతకాలపు పద్ధతిలో లోపల గొట్టాలూ రీఫిళ్లూ ఉండవు, ఒళ్లంతా సిరాయే. ఫిల్లర్‌తో పోసుకోవాలి. ఒకసారి నింపితే నాకు ఒక యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దడం దాదాపు అయిపోతుంది.

దీనికి ఒక చిక్కుంది, అది భూపాలపల్లి ఎండల్లో బాగా తెలుస్తుంది. సిరా సగం కన్నా తగ్గితే మిగతా చోటంతా గాలి. వేళ్ల వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను ముందుకు తోస్తుంది, పాళీ మీద బొట్టు నిలుస్తుంది. మే నెలలో, బయట నలభై దాటినప్పుడు, బస్సు దిగిన వెంటనే మూత తీశారో వేళ్లన్నీ నీలమే. మందు చిన్నది: సగం కాకముందే మళ్లీ నింపడం, ప్రయాణంలో పాళీ పైకి ఉండేలా జేబులో పెట్టుకోవడం. ప్లాస్టిక్ కన్నా మందంగా ఉండే ఎబొనైట్ వేడిని నిదానంగా లోపలికి పోనిస్తుంది, అదొక మేలు.

పాళీ ఎంచుకునేటప్పుడు మన లిపిని గుర్తుపెట్టుకోవాలి. లావు పాళీతో సంతకం దర్జాగా ఉంటుంది. అదే పాళీతో హాజరు పట్టీలో ఇరుకు గడిలో "లక్ష్మి" అని రాయండి, కింది వత్తు కాస్తా ముద్దయి కూర్చుంటుంది. సున్నాలు పూడిపోతాయి, థకూ ధకూ తేడా పోతుంది. తెలుగుకు సన్న పాళీయే మేలని నా తీర్పు. విదేశీ పెన్నుల గురించి రాసేవాళ్లు లావు పాళీలను ఎంత మెచ్చుకున్నా, వాళ్లెవరూ మన వత్తులు రాయలేదు.

కాగితం సంగతి ఇంతకన్నా కష్టం. బాల్‌పెన్నులో ఉండేది నూనె కలిసిన చిక్కటి ముద్ద. అది ఎలాంటి కాగితం మీదైనా పైపైన అంటుకుంటుంది. మన సిరా నీళ్లది. కాగితపు పీచుకు నీళ్లు పీల్చకుండా సరిగా జిగురు పట్టించకపోతే అక్షరం చుట్టూ నూగు లేస్తుంది, వెనక పేజీకి దిగుతుంది. చాలామంది జీఎస్‌ఎం చూసి కొంటారు. అది చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే అంకె, అంతే. బరువైన కాగితం కూడా సిరాను తాగేయొచ్చు. నేనైతే దుకాణంలోనే చివరి పేజీ మూలన ఒక గీత గీసి చూస్తాను, దుకాణాయన ముఖం చిట్లించినా సరే. కాగజ్‌నగర్‌లో 1938లో స్థాపించిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతబడి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక మళ్లీ మొదలైంది. కాగితం పేరునే ఊరి పేరు చేసుకున్న నేల మనది, అయినా సిరా ఆపే నోటుబుక్కు కోసం ఇంత వెతుకులాట.

సిరా దగ్గరికి వస్తే నాకు మాట ఆగదు.

బజారులో దొరికే మామూలు నీలం సిరా నీటిలో కరిగిన రంగు. ఒక్క వాన చినుకు చాలు, రాసింది పోవడానికి. పూర్వం దస్తావేజులకూ రిజిస్టర్లకూ వాడింది వేరే జాతి. దానికి కావలసినవి మన చుట్టూనే ఉన్నాయి. ఒకటి ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఏరి అమ్మే కరక్కాయ. రెండోది అన్నభేది. వరి నారుమడి ఇనుము చాలక తెల్లబారితే మన రైతులు పిచికారీ చేసేది ఇదే. ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. మూడోది తుమ్మజిగురు. కరక్కాయ గింజ తీసి, బెరడు దంచి, రాత్రంతా నానబెట్టి మరిగిస్తే గోధుమరంగు కషాయం వస్తుంది. వడగట్టి, అన్నభేది కరిగించిన నీళ్లు పోయండి. చూస్తుండగానే నల్లబడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ వేడుక చూపిస్తే "టీచర్, మళ్లా పొయ్యండి" అని ఒకటే గోల. చిటికెడు జిగురు కలిపితే పాళీకి పట్టు దొరుకుతుంది.

జరిగేది ఇది. కరక్కాయలో టానిన్ ఉంటుంది, అన్నభేదిలో ఇనుము. రెండూ కలిసి కాగితపు పీచులోకి దిగుతాయి. గాలిలోని ఆక్సిజన్ తగిలాక నీటిలో కరగని నల్ల పదార్థంగా మారుతాయి. అందుకే రాసినప్పుడు బూడిదరంగుగా ఉన్న గీత మర్నాటికి చిక్కబడుతుంది, నీళ్లు పడ్డా పోదు. ఐరోపాలో కూడా శతాబ్దాల పాటు ఇదే రసాయనం, అక్కడ కరక్కాయకు బదులు ఓక్ చెట్టు మీద పురుగు గుడ్డు పెట్టిన చోట లేచే కాయ. మన పచారీ కొట్లలో మాచికాయ పేరుతో దొరికేది అదే. లోపం ఏమిటంటే ఈ సిరా పుల్లనిది. ఎక్కువైతే వందేళ్లలో కాగితాన్నే తినేస్తుంది. ఇంట్లో చేసినదాన్ని ఇంకు పెన్నులో పోయనే కూడదు. అడుగున పేరుకున్న పొడి ఫీడ్‌ను పూడ్చేస్తుంది. ముంచి రాసే పాళీకే అది. అన్నభేది నోట్లో పెట్టుకునేది కాదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి.

ఇంకా పాత పద్ధతి కావాలంటే మా పుట్టింటి వైపు బమ్మెర ఉంది, పోతన ఊరు. ఆ కాలపు తాటాకు మీద సిరా ప్రవహించేదే కాదు. గంటంతో గీరి, ఆ గీతల్లో నూనె కలిపిన మసి రుద్ది, పైన తుడిచేస్తే గాట్లలో మిగిలిందే అక్షరం. అంతకన్నా పాతది చూడాలంటే పరకాల నుంచి భూపాలపల్లి పోయే దారిలో రేగొండ మండలంలోని పాండవుల గుట్టలు. అక్కడి రాతి గూళ్లలో దున్నలూ జింకలూ ఉన్న ఎర్రటి బొమ్మలు వేల ఏళ్ల నాటివి. జేగురు, అంటే ఇనుము కలిసిన ఎర్రమట్టి. అది రంగు కరిగిన నీళ్లు కాదు, మెత్తగా నూరిన ఖనిజం. ఎండకు వెలిసిపోదు. కరక్కాయ సిరాలోనూ ఇనుమే, గుట్ట మీదా ఇనుమే. మా బస్సు అటు తిరిగినప్పుడల్లా ఈ మాట పక్క సీటులో ఉన్నవాళ్లకు చెప్పాలనిపిస్తుంది, చెప్తాను కూడా.

ఇలాంటి పిచ్చి మా మానుకోట జిల్లాకు కొత్త కాదు. ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు, 1922లో "తెనుగు" అనే వారపత్రిక నడిపారు. నిజాం రాజ్యంలో, ఒక పల్లెటూళ్లో, తెలుగు పత్రిక! వార్త రాయడం, అచ్చు కూర్చడం, అచ్చేయడం, మడిచి చిరునామా రాసి టపాలో వేయడం, అన్నీ ఆ అన్నదమ్ములే. ఎన్నో భాషలు నేర్చారు. సంగీతం, వైద్యం కూడా వాళ్ల చేతిలో ఉండేవి. వాళ్లను పండితులుగా, తెలంగాణ పత్రికలకు తొలి అడుగు వేసినవారిగా సభల్లో తలుచుకుంటారు. నాకు మాత్రం చేతికి నల్ల మరక అంటించుకోవడానికి వెనకాడని మనుషులుగా ఎక్కువ నచ్చుతారు. పండితుడు అచ్చు కూర్చేవాడి పని తనకెందుకనుకుంటే ఆ పత్రిక వచ్చేదే కాదు.

మా బడిలో పెన్నుల వైపు వచ్చిన పిల్లలు తక్కువే, పేర్లు పెట్టి చెప్పగలిగినంత మంది. తపాలా బిళ్లల వైపు ఇంకొందరు వస్తారు, దానికి కారణం డబ్బు కూడా. అందులో సిగ్గు ఏమీ లేదు. తపాలా శాఖ 2017లో దీన్‌దయాళ్ స్పర్శ్ పేరుతో ఒక ఉపకారవేతనం పెట్టింది. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లల్లో బిళ్లలు సేకరించేవారిని క్విజ్, ప్రాజెక్టుల ద్వారా ఎంపిక చేసి ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది. బడిలో ఫిలాటెలీ క్లబ్బు ఉండాలి, లేదా పిల్లల పేర తపాలా కార్యాలయంలో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉండాలి. మన ఊళ్ల ఉపాధ్యాయులకు ఈ సంగతి తెలిసినట్టు కనిపించదు, హెడ్‌పోస్టాఫీసులో అడగండి.

ఇంకు పెన్ను మొదలుపెట్టాలనుకునేవాళ్లకు వంద రూపాయల లోపు దేశీ పెన్ను, నీళ్లతో కడిగితే పోయే నీలం సిరా చాలు. ఆకుపచ్చ సిరా మాత్రం గెజిటెడ్ అధికారులకు వదిలేయండి, మా హెడ్మాస్టరు గారు మొహం మాడ్చుకుంటారు. రంగు మార్చే ముందూ, నెలకోసారీ పాళీని చన్నీళ్లలో నానబెట్టి, తెల్లనీళ్లు వచ్చేదాకా కడిగి, పాత నూలుగుడ్డలో తలకిందులుగా ఆరబెట్టాలి. సబ్బు అక్కర్లేదు. వేడినీళ్లు అసలు వద్దు, నల్లటి ఎబొనైట్ వెలిసి పాచిరంగుకు తిరుగుతుంది.