ఉండిపోవాలా, వెళ్లిపోవాలా: జర్మనీలో మన లెక్కలు

జర్మనీలో స్థిరపడే మాట వస్తే మనం ముందు వీసా గడువు చూసుకుంటాం. అంతకంటే గట్టి గడువు పిల్లల బడి పెడుతుంది. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో 4వ తరగతి అయ్యాక పిల్లలు ఏ రకం హైస్కూలుకు వెళ్లాలో తేలిపోతుంది. బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్‌లలో 6వ తరగతి దాకా ఆగుతారు. అప్పటికి మన పిల్ల జర్మన్‌లోనే లెక్కలు చేస్తుంది, జర్మన్‌లోనే పోట్లాడుతుంది. ఆ తర్వాత హైదరాబాద్‌కో విశాఖకో మారిస్తే భారమంతా ఆ పిల్లదే. ‘చూద్దాంలే’ అంటూ ఏళ్లు నెట్టేసిన కుటుంబాలు చాలావరకు అలాగే ఉండిపోతాయి.

ఉండిపోవడం వేరు, ఊళ్లో కలిసిపోవడం వేరు. ఐటీ ఉద్యోగం ఇంగ్లిష్‌తో గడిచిపోతుంది గానీ శిశువిహార్‌లో తల్లిదండ్రుల సమావేశం, ఇంటి యజమాని రాసే ఉత్తరం, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ అన్నీ జర్మన్‌లోనే. చెప్పాపెట్టకుండా పొరుగింటి తలుపు తట్టే అలవాటు ఇక్కడ తక్కువ. పరిచయాలు పెరిగేది ‘ఫెరైన్’లలో, అంటే సంఘాల్లో. ఫుట్‌బాల్, చదరంగం, బృందగానం, ఆఖరికి స్వచ్ఛంద అగ్నిమాపక దళం దాకా అన్నిటికీ సంఘాలున్నాయి. రిజిస్టరైనవే 6 లక్షల పైమాట. ఏడుగురు సభ్యులుంటే రిజిస్టర్ చేసుకోవచ్చు. ఉగాదికి, బతుకమ్మకు మన హాలు ఎలాగూ నిండుతుంది. శనివారం పిల్లల మ్యాచ్ దగ్గర కేకులు అమ్మే బల్ల వెనక కాసేపు నిలబడ్డవాళ్లను మాత్రం ఊరివాళ్లు పేరు పెట్టి పలకరిస్తారు.

ఇక కాగితాల సంగతి. బ్లూ కార్డు (నిపుణులకిచ్చే నివాస అనుమతి) ఉన్నవాళ్లకు జర్మన్ ఏ1 స్థాయిలో వస్తే 27 నెలలకు, బీ1 స్థాయిలో వస్తే 21 నెలలకు శాశ్వత నివాసం దొరుకుతుంది. ఆ నెలలన్నీ పెన్షన్ చందా కట్టి ఉండాలి. 2024 జూన్ 27 నుంచి పౌరసత్వానికి 8 ఏళ్ల బదులు 5 ఏళ్లు చాలు. మూడేళ్లకే ఇచ్చే వెసులుబాటును 2025 అక్టోబరులో తీసేశారు. పౌరసత్వ పరీక్షలో 33 ప్రశ్నలకు 17 సరిగ్గా రాస్తే పాస్. జర్మనీ ఇప్పుడు రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటుంది, భారత్ ఒప్పుకోదు. కాబట్టి మన పాస్‌పోర్టు వదులుకుని ఓసీఐ కార్డు తీసుకోవాలి. దాంతో ఇండియాలో ఎన్నాళ్లైనా ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. ఓటు ఉండదు, పొలం కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వచ్చిన పొలానికి ఇబ్బంది లేదు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ముందే అనుమతి తీసుకోకుండా 6 నెలలకు మించి జర్మనీ బయట ఉంటే శాశ్వత నివాసం సాధారణంగా రద్దవుతుంది. పౌరసత్వానికి ఆ భయం లేదు. అంటే జర్మన్ పాస్‌పోర్టు అక్కర ఎప్పటికీ ఇక్కడే ఉండేవాళ్లకంటే, కొన్నాళ్లు ఇండియాలో ఉండి మళ్లీ రావాలనుకునేవాళ్లకే ఎక్కువ.

అలా వెళ్లి ఉండాల్సిన అవసరం ఎక్కువగా అమ్మానాన్నల కోసమే వస్తుంది. 2024 మార్చి 1న గానీ ఆ తర్వాత గానీ తొలిసారి నివాస అనుమతి పొందిన నిపుణులు తల్లిదండ్రులను తెచ్చుకునే వీలుంది. అయితే పెద్ద వయసులో ఆరోగ్య బీమా దొరకడమే కష్టం. అంతకుముందు వచ్చినవాళ్లకు ఆ దారీ లేదు, చాలావరకు 90 రోజుల విజిటింగ్ వీసాయే గతి.

అందుకే పిల్ల మూడో తరగతిలో ఉండగానే ఈ మూడు లెక్కలూ, అంటే బడి, పాస్‌పోర్టు, పెద్దవాళ్లు, పక్కపక్కన పెట్టి భార్యాభర్తలు మాట్లాడుకోవాలి. ఇండియాలో ఉన్న పెద్దవాళ్లను కూడా ఆ మాటల్లో కలుపుకోవాలి. వాళ్లు ఇక్కడికి రావడానికి ఇష్టపడతారో లేదో వాళ్లను అడక్కుండా ఈ లెక్క తేలదు.