కథ అడిగే ముక్క

1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వెలువడింది. పాత్రధారణ ఆటలకు అదే ఆది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. కత్తి తగిలిందా, తప్పిందా అన్నది పాచిక తేలుస్తుంది. ఇరవై ముఖాల పాచికలో 17 పడితే దెబ్బ తగలవచ్చు. కానీ ఆ దెబ్బతో కథ ఎటు తిరిగిందో అంకె చెప్పదు.

పాచికను పక్కన పెట్టి పేక పట్టినవాళ్లలో మైక్ పాండ్‌స్మిత్ ఒకరు. 1994 నాటి ఆయన ‘కాజిల్ ఫాల్కెన్‌స్టైన్’లో ఆటగాడి చేతిలో నాలుగు ముక్కలుంటాయి. ఒంటి బలంతో చేసే పనికి కళావరు, మనసుకు సంబంధించినదానికి ఆఠీను. రంగు కలిస్తేనే ముక్కకు పూర్తి విలువ. మంచి ముక్కను ఇప్పుడే వాడాలా, దాచుకోవాలా అన్నది ఆటగాడి ఇష్టం. అయినా అక్కడ తేల్చేది అంకెలే.

మరుసటి ఏడాది జోనథన్ ట్వీట్ ‘ఎవర్‌వే’లో అంకెలే లేని 36 ముక్కల అదృష్టపు పేకను ప్రవేశపెట్టాడు. ప్రతి ముక్క మీదా ఒక బొమ్మ. నిటారుగా వస్తే ఒక అర్థం, తలకిందులుగా వస్తే ఇంకోటి. కవచంతో నీట మునిగిపోతున్న మనిషి ముక్కనే చూడండి. నిటారుగా పడితే, కాపాడుకోవడానికి చేసిన ఏర్పాటే ప్రమాదమవుతుంది. తిరగబడితే, అసలైన ముందుచూపు. శత్రువుకు భయపడి కోట తలుపులు బిగించారనుకుందాం. మొదటి అర్థంలో నిప్పు లోపలే అంటుకుంటుంది, రెండో అర్థంలో ఆ తలుపులే ప్రాణాలు నిలుపుతాయి. పాత్రలు పుట్టేదీ బొమ్మల్లోంచే. అందుకు వేరే బొమ్మల ముక్కలున్నాయి; ఆటగాడు వాటిలో తనకు నచ్చినవి ఏరుకుని, వాటి ఆధారంగా తన పాత్ర ఎవరో చెబుతాడు.

అక్కడ కూడా ముక్కకు అర్థం చెప్పేది ప్రధానంగా ఆట నడిపే మనిషే. ఆ పెత్తనాన్ని 2013లో ఎవరీ ఆల్డర్ ‘ద క్వైట్ ఇయర్’ అందరికీ పంచింది. నాగరికత కూలాక మిగిలిన ఒక ఊరు, 52 ముక్కలు, ఒక తెల్ల కాగితం. ఒక్కో ముక్క ఒక వారం. ఆఠీను వసంతం, డైమను వేసవి, కళావరు శరత్తు, ఇస్పేటు శీతకాలం. ముక్క తీసినవాళ్లు దాని వెంట వచ్చే ప్రశ్నకు జవాబు చెప్పి, కాగితం మీద ఊరి పటానికి కొత్త గీత కలుపుతారు. ఇస్పేటు రాజు పడగానే ఆట ముగుస్తుంది. కలిపిన శీతకాలపు ముక్కల్లో ఆ రాజు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. గోదాము కట్టడం ఈ వారమా, వచ్చే వారమా అన్న చర్చకు అంత బిగువు అందుకే వస్తుంది.

ఈ ఆవిష్కరణ గొప్పతనం ప్రశ్నలో ఉంది. ‘కథ చెప్పు’ అంటే చాలామంది గొంతు పెగలదు. ‘నీ ఊళ్లో అందరూ భయపడే చోటు ఏది?’ అని అడిగితే మితభాషి కూడా జవాబిస్తాడు. ఆ జవాబును పక్కవాడు అందుకుంటాడు. కథలు అల్లే శక్తి ఏ కొందరి సొత్తూ కాదనీ, వంతు వస్తే ఎవరైనా అల్లగలరనీ ఈ ముక్కలు నిరూపించాయి.