ఓడల బొమ్మలో తాళ్ళు పేనేవారు ఎందుకు?

ప్రశ్న: నదీరేవులను గీసిన పాత నీటిరంగుల చిత్రాల్లో ఓడల పక్కనే తాళ్ళు పేనేవారు కనిపిస్తారు. ఎందుకు? మన రేవుల్లోనూ ఆ పని ఉండేదా?
– ఒక పాఠకురాలు, జల్‌పల్లి, హైదరాబాద్

జవాబు: తెరచాపల కాలంలో తాడు లేనిదే ఓడ లేదు. చాప ఎత్తాలన్నా, తెరచాప కొయ్య గాలికి ఒరగకుండా నిలవాలన్నా, లంగరు వేయాలన్నా తాడే ఆధారం. 1765లో ఇంగ్లండులోని చాథమ్‌లో నీళ్ళలోకి దిగిన ‘విక్టరీ’ యుద్ధనౌకకు 40 కిలోమీటర్లకు పైగా తాడు పట్టింది. ఎండకు, ఉప్పునీటికి, ఒరిపిడికి తాళ్ళు అరిగిపోతూనే ఉంటాయి. అందుకే ఓడలు కట్టే, బాగుచేసే చోటే తాళ్ళ పని కూడా సాగేది.

ఎలా పేనుతారు? ముందు నారను దువ్వి పోగులుగా పురి పెడతారు. కొన్ని పోగులను కలిపి, అందుకు ఎదురు దిశలో తిప్పితే పేట అవుతుంది. మూడు పేటలను మళ్ళీ ఎదురు దిశలో మెలిపెడితే తాడు. పోగు తన పురి విప్పుకోవాలని చూస్తుంది, పేట దాన్ని బిగిస్తుంది. పేట విప్పుకోబోతే తాడు బిగిస్తుంది. తాడు బలమంతా ఈ ఎదురు పురిలోనే ఉంది. ఇంట్లో కొబ్బరితాడు ఉంటే కొస విప్పి చూడండి. తాడు ఒక వైపుకు, దాని పేట మరో వైపుకు తిరిగి ఉంటాయి.

మరి ఒడ్డునే ఎందుకు? పురి ఎక్కేకొద్దీ పొడవు తగ్గుతుంది. తాడు పూర్తయ్యేసరికి దాదాపు మూడో వంతు తరుగు. 200 మీటర్ల తాడు కావాలంటే 300 మీటర్ల పోగులు బారుగా చాచాలి. చాథమ్‌లోని తాళ్ళశాల పొడవు 346 మీటర్లు! అంత కప్పు వేయలేని చోట తెరిపిగా ఉన్న ఒడ్డే పనికొస్తుంది.

మన దగ్గర ఈ పనికి పేరుపడ్డ చోటు నరసాపురం. గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున ఉన్న ఈ రేవు అప్పట్లో గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. 1669–1679 మధ్య బంగాళాఖాతం తీరాలను చూసి రాసిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ తన రాతప్రతిలో పడవల బొమ్మలు కూడా గీశాడు. నరసాపురం, పక్కనున్న మాధవాయపాలెం ప్రాంతంలో మంచి కలప, మేలైన ఇనుము, ఆరితేరిన ఓడ మేస్త్రులు ఉన్నారని, ఇంగ్లీషు వర్తకులు ఏటా అక్కడ ఓడలు కట్టించుకుంటున్నారని రాశాడు. తెరచాప కొయ్యను పట్టి ఉంచే తాళ్ళ తయారీని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

కోరమాండల్ తీరంలో సరుకు దించే మసులా పడవలకైతే తాడే మేకు. పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. అలలు విసిరికొట్టినా పలకలు పగలకుండా కాస్త సాగి నిలిచేవి.

గోల్కొండ అనగానే మనం కోట గురించీ, వజ్రాల గురించీ చెప్పుకుంటాం. అదే రాజ్యంలో సముద్రాలు దాటే ఓడలు కట్టిన మేస్త్రులు, వాటికి తాళ్ళు పేనిన పనివాళ్ళు ఉన్నారు. మన పిల్లల చరిత్ర పాఠాల్లో వాళ్ళకూ ఒక పేజీ దక్కాలి.