ఇంగ్లీషు పలుకుబళ్ళలో జంతువులు

పిల్లలూ! మీ ఇంగ్లీషు వాచకంలో "ఇట్ ఈజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అనే వాక్యం వచ్చిందనుకోండి. దానిని మాటకు మాటగా తెలుగు చేస్తే, "పిల్లులూ, కుక్కలూ కురుస్తున్నాయి" అని వస్తుంది! వాన చాలా జోరుగా కురుస్తున్నదని మాత్రమే దాని అర్థం. ఇందుకు ఇంగ్లీషువాళ్ళను చూసి నవ్వనవసరం లేదు. మనం "కుండపోతగా వాన" అంటాం. ఆ మాటను ఒక ఇంగ్లీషు కుర్రవాడు విడదీసి చూస్తే, ఆకాశంలో ఎవరో కుండలు వంచుతున్నారని అనుకోడూ?

ఇలాటివాటిని పలుకుబళ్ళు అంటారు. వాటి అర్థం నిఘంటువులో మాటలు వెతికితే దొరకదు. వాటిని పుట్టించిన మనుషులు ఎలా బతికారో తెలుసుకుంటే దొరుకుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. "బహుమతిగా వచ్చిన గుర్రం నోరు తెరిచి చూడకు" అని ఇంగ్లీషువాళ్ళు అంటారు. గుర్రం నోట్లో ఏమున్నది? పళ్ళున్నాయి. వయసు ముదిరినకొద్దీ గుర్రం పళ్ళు అరిగి, పొడుగ్గా కనిపిస్తూ, ముందుకు వాలతాయి. అందుచేత సంతలో గుర్రాన్ని కొనేవాడు మొట్టమొదట దాని నోరు తెరిచి చూసేవాడు. డబ్బిచ్చి కొనేటప్పుడు అది తెలివైన పనే. కాని ఎవరో ప్రేమతో ఊరికే ఇచ్చినదానిని అలా పరీక్షించటం మర్యాద కాదు. ఈ సామెత చాలా పాతది. సుమారు 1,600 ఏళ్ళ క్రితమే జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు దీనిని లాటిన్ భాషలో రాస్తూ, ఇది జనం అనుకునే సామెత అని చెప్పాడు.

మరి మన పెద్దలు ఏమంటారు? "దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టినట్టు" అంటారు. పశువుకు పైదవడలో ముందుపళ్ళు ఉండవు. కిందిదవడలో 8 ఉంటాయి. దాదాపు 2 ఏళ్ళ వయసులో ఒక జత పాలపళ్ళు ఊడి, వాటి స్థానంలో పెద్దపళ్ళు వస్తాయి. ఆ విధంగా జతలు జతలుగా మారి, 4, 5 ఏళ్ళకు ఎనిమిదీ పూర్తి అవుతాయి. రైతులు రెండు పళ్ళ కోడె, నాలుగు పళ్ళ కోడె అనటం ఇందుకే. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలలో ఈనాటికీ జతలను విభజించటానికి ఈ పళ్ళ లెక్కను వాడతారు. చూశారా! అక్కడ గుర్రం, ఇక్కడ ఆవు. నీతి మాత్రం ఒక్కటే.

"పిగ్ ఇన్ ఎ పోక్" అని ఇంకొకటి ఉన్నది. పోక్ అనేది సంచికి పాతమాట. సంచి విప్పి చూడకుండానే అందులో ఉన్న పందిపిల్లను కొనటం అన్నమాట. సరుకు చూడకుండా డబ్బిచ్చేవాణ్ణి గురించి ఇలా అంటారు. జర్మన్లూ, ఫ్రెంచివాళ్ళూ అయితే, "సంచిలో పిల్లిని కొన్నాడు" అంటారు. మనం, "గేదె నీళ్ళలో ఉండగా బేరం చేసినట్టు" అంటాం. చెరువులో పడుకున్న గేదెకు కొమ్ములు తప్ప ఏమీ కనిపించవు. అది కుంటిదో, బక్కదో ఎలా తెలుస్తుంది?

ఒక్కొక్కప్పుడు ఈ పలుకుబళ్ళు జంతువులకు అన్యాయం కూడా చేస్తాయి. కష్టం వచ్చినప్పుడు చూడనట్టు నటించేవాణ్ణి, "ఇసకలో తల దూర్చిన ఉష్ట్రపక్షి" అంటారు. నిజానికి ఉష్ట్రపక్షి ఆ పని చెయ్యదు. అపాయం వస్తే అది పరిగెత్తుతుంది. లేదా మెడను నేలకు ఆనించి కదలకుండా పడుకుంటుంది. దూరంనుంచి చూసేవారికి తల కనిపించదు, అంతే!

"మొసలి కన్నీరు" అనే మాట ఇంగ్లీషులోనూ, మన భాషలోనూ ఉన్నది. మొసలి తాను తినే ప్రాణికోసం ఏడుస్తుందని పూర్వం ఐరోపాలో నమ్మేవారు. అందుకే దొంగ ఏడుపుకు ఆ పేరు వచ్చింది. అమెరికాలోని ఫ్లారిడాలో ఒక శాస్త్రజ్ఞుడు, మొసలికి దగ్గరి చుట్టాలైన 7 జంతువులు మేత తింటూండగా చిత్రాలు తీశాడు. వాటిలో 5 జంతువులకు కళ్ళు చెమర్చాయి. ఈ సంగతి 2007లో వెల్లడి అయింది. కనక మొసలికి కన్నీరు రావటం నిజమే. దానికి దుఃఖం కారణం కాదు, అంతే.

ఇకమీదట ఇంగ్లీషు వాక్యంలో జంతువు కనిపిస్తే, తొందరపడి మాటలను తెలుగు చెయ్యకండి. అది అక్కడ ఏ పని చేస్తున్నదో ముందు చూడండి. ఆ పని మన భాషలో ఎవరు చేస్తున్నారో ఆలోచించండి. తోచకపోతే తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి.

చివరగా మీకు ఒక చిన్న పరీక్ష. "గుడ్లు పొదగకముందే కోడిపిల్లలను లెక్కపెట్టకు" అని ఇంగ్లీషు సామెత. దీనికి సరిపోయే మన సామెత ఏది? ఒక ఆధారం చెబుతాం: అందులో జంతువు లేదు, సోమలింగం అనేవాడున్నాడు. పాపం, వాడింకా పుట్టనేలేదు!