సముద్రం వదిలిపోయిన దీవి

నెదర్లాండ్స్‌లో స్కోక్లాండ్ అని ఒక చిన్న ఊరుంది. పుస్తకాల్లో దాన్ని దీవి అంటారు. తీరా వెళ్ళి చూస్తే చుట్టూ చుక్క సముద్రం కనిపించదు, బంగాళాదుంప చేలు కనిపిస్తాయి! ఈ చిత్రమెలా జరిగిందో చూద్దాం.

ఒకప్పుడది జౌడర్‌జీ అనే ఉప్పునీటి అఖాతంలో సన్నగా, పొడుగ్గా ఉన్న దీవి. నేల గట్టిది కాదు. వేల యేళ్ళుగా రెల్లూ నాచూ కుళ్ళి పేరుకున్న మెత్తటి నేల. దాన్ని సముద్రం అంచుల నుంచి కొరుక్కు తింటూ వచ్చింది. సాగు పోయింది, చేపలవేటే బ్రతుకుతెరువయింది. మట్టిపోసి ఎత్తుచేసిన దిబ్బల మీద జనం ఇరుకిరుకుగా కాపురాలుండేవారు.

ఇంత చిన్న నేలకూ ఇద్దరు దొరలు! ఉత్తరాన క్యాథలిక్కుల ఎమ్మెలోర్డ్ గ్రామాన్ని 1660లో ఆంస్టర్‌డాం నగరం కొనుక్కుంది. దక్షిణాన ప్రొటెస్టెంట్ల ఎన్స్ గ్రామం ఓవరైసెల్ రాష్ట్రానిది. రెండూ కలిసి స్కోక్లాండ్ మునిసిపాలిటీ కావడం 19వ శతాబ్ది తొలినాళ్ళలోగాని జరగలేదు.

1825 ఫిబ్రవరి తుఫానులో దీవి మునిగింది. ఇళ్ళు పోయాయి, మనుషులు పోయారు. అయినా మిగిలినవాళ్ళు కదల్లేదు. 1834లో కొత్త చర్చి కూడా కట్టుకున్నారు. కాని పేదరికం పెరిగింది, ఒడ్డును కాపాడే ఖర్చు ప్రభుత్వానికి భారమైంది. చివరకు మూడవ విలియం రాజు కాలంలో ఊరు ఖాళీ చెయ్యమన్నారు. 1859 జూలైలో మునిసిపాలిటీ రద్దయింది. సుమారు 650 మంది నష్టపరిహారం పుచ్చుకుని కాంపెన్, ఫోలెండాం వంటి ఊళ్ళకు తరలిపోయారు. వాళ్ళ ఇళ్ళు కూలగొట్టేశారు. దీపస్తంభం, రేవు చూసుకునే కొద్దిమంది మాత్రం ఉండిపోయారు.

పొమ్మన్నవారిది తప్పనడం తేలికే. కాని మరో తుఫాను వచ్చివుంటే? అలాగని పరిహారం ఇచ్చారు కదా, ఇంకేం కావాలనడమూ సబబు కాదు. పుట్టినగడ్డకు ఖరీదు కట్టే షరాబు ఎక్కడున్నాడు?

అసలు వింత తర్వాతది. 1932లో పెద్ద ఆనకట్ట వేసి అఖాతాన్ని మంచినీటి సరస్సు చేశారు. అందులో కొంతభాగం చుట్టూ గట్లువేసి, నీరు తోడి, 1942 నాటికి పొలాలు తీశారు. దీవి ఆ పొలాల మధ్య చిక్కుకుంది. ఊరు విడిచిన 83 ఏళ్ళకు సముద్రమే లేచిపోయిందన్నమాట! కొత్త పొలాల్లో వెలసిన ఊళ్ళకు ఎమ్మెలోర్డ్, ఎన్స్ అని పాతపేర్లే పెట్టారు.

1995లో యునెస్కో స్కోక్లాండ్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది, ఆ దేశంలో అదే మొదటిది. పాత చర్చి ఇప్పుడు మ్యూజియంలో భాగం. అయితే నీరు తీసేసిన నేల ఎండి కుంగుతోంది. గాలి తగిలితే భూమిలోని పాతకాలపు కొయ్య పుచ్చిపోతుంది. అందుకని దీవి పక్కన కొంతమేర సాగు మాన్పించి, ఇప్పుడు పనిగట్టుకుని నేలలో నీటిమట్టం పెంచుతున్నారు.