మేకపాల సబ్బు: ఇంట్లో చేసుకోవచ్చు, తూకం మాత్రం తప్పకూడదు

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, రాజపాళయం నుంచి తెన్‌కాశి వెళ్ళే దారిలో, పడమటి కనుమల దిగువన సేత్తూరు ఉంది. రాజపాళయం ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ కొబ్బరి తోటలకూ, మేకలకూ కొదవ లేదు. విరుదునగర్, తూత్తుకుడి, తిరునెల్వేలి జిల్లాల సొంత మేక జాతిని 'కన్ని ఆడు' అంటారు. నల్లటి ఒళ్ళు, ముఖం మీద రెండు చారలు దాని గుర్తు. ఇది ముఖ్యంగా మాంసం కోసం పెంచే జాతి. అయినా ఒక విడత సబ్బుకు గ్లాసుడు పాలు చాలు.

అంటే మేకపాలు, కొబ్బరినూనె అలాంటి ఊళ్ళో ఇంటి ముంగిటే దొరుకుతాయి. మూడో సరుకు మాత్రం దుకాణం నుంచి తెచ్చుకోవాలి. అదే కాస్టిక్ సోడా. సబ్బు మృదువుగా ఉంటుందా, చర్మాన్ని కాలుస్తుందా అన్నది ఎక్కువగా దాని తూకం మీదే ఆధారపడి ఉంటుంది.

'కాస్టిక్ లేని సబ్బు' ఉంటుందా?

ఉండదు. నూనె, క్షారం కలిసి మారితేనే సబ్బు, గ్లిజరిన్ తయారవుతాయి. తూకం సరిగ్గా ఉంటే క్షారమంతా నూనెతో కలిసిపోయి, సబ్బులో కాస్టిక్‌గా మిగలదు. కాస్టిక్ వాడకుండా చేశామని చెప్పేవారు చాలావరకు తయారైన సబ్బు దిమ్మెను కొని, కరిగించి, పాలు కలిపి అచ్చు పోసేవారే. ఆ దిమ్మెను చేసినవారు క్షారం వాడే ఉంటారు.

ఈ విద్యకు, అరబ్బు దేశాలకు పాత సంబంధం ఉంది. క్షారానికి ఇంగ్లీషులో వాడే 'ఆల్కలీ' అన్న పేరు అరబీ 'అల్ ఖలీ' నుంచి వచ్చింది. ఉప్పునేలల్లో పెరిగే మొక్కలను కాల్చిన బూడిద అని దాని అర్థం. పాలస్తీనాలోని నాబ్లుస్‌లో ఆలివ్ నూనెతో, సిరియాలోని హలబ్‌లో ఆలివ్, లారెల్ నూనెలతో సబ్బు చేసే సంప్రదాయాలను 2024లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాల్లో చేర్చింది. పూర్వం బూడిద క్షారం వాడిన చోట ఇప్పుడు కాస్టిక్ సోడా వాడుతున్నారు.

మేకపాల వల్ల మేలేమిటి?

యునానీ హకీములు మేకపాలకు మంచి స్థానమే ఇచ్చారు. మేకపాలను విరిచి తీసిన తేటను 'మావుల్ జుబ్న్' అంటారు. అది తాగించే మందు. చర్మంలో యుబూసత్, అంటే పొడితనం, పెరిగినప్పుడు తేమనిచ్చే పదార్థాలు వాడాలన్నది ఈ వైద్యంలో ప్రాథమిక సూత్రం.

అయితే తాగే పాల గుణాలన్నీ సబ్బులోకి వస్తాయని అనుకోరాదు. 170 గ్రాముల మేకపాలలో కొవ్వు సుమారు 7 గ్రాములే. పాలలోని చక్కెర నురగను పెంచుతుంది. మిగతా మృదుత్వం ఎక్కువగా గ్లిజరిన్ నుంచి, క్షారంతో కలవకుండా మిగిలిన నూనె నుంచి వస్తుంది. మేకపాల సబ్బు పీహెచ్ మన చర్మంతో సమానమన్న ప్రచారం కూడా సరికాదు. ఏ నిజమైన సబ్బుకైనా పీహెచ్ 9, 10 ప్రాంతంలో ఉంటుంది. ఆరోగ్యమైన చర్మం 5 దగ్గర ఉంటుంది.

ఇంటి సబ్బుతో మరో లాభం ఉంది. అందులో ఏ కొవ్వు వాడారో మనకు తెలుసు. బజారు సబ్బు మీద 'సోడియం టాలోవేట్' అని ఉంటే అది జంతువుల కొవ్వుతో చేసినదని అర్థం. దీని గురించి ఆలోచించే కుటుంబాలకు ఇంటి సబ్బుతో ఆ సందేహం ఉండదు.

కావలసినవి

కొబ్బరినూనె 300 గ్రాములు, వేరుశనగ నూనె 150 గ్రాములు, ఆముదం 50 గ్రాములు, మేకపాలు 170 గ్రాములు, స్వచ్ఛమైన కాస్టిక్ సోడా 75 గ్రాములు. అన్నిటినీ గ్రాముల తక్కెడ మీదే తూచాలి. చెంచాలతో, గ్లాసులతో కొలవరాదు. ఒక్కో నూనెకు కావలసిన కాస్టిక్ ఒక్కో రకంగా ఉంటుంది. కాబట్టి నూనె మారిస్తే ఈ 75 గ్రాముల లెక్క పనికిరాదు. మురుగు గొట్టాలు శుభ్రం చేసే పొడిని వాడకండి, అందులో వేరే పదార్థాలు కూడా ఉంటాయి.

చేసే విధానం

1. పాలను కాచి, చల్లార్చి, ముక్కలుగా గడ్డకట్టించాలి. గడ్డకట్టించని పాలు వాడితే కాస్టిక్ వేడికి మాడి, గోధుమరంగుకు మారి, ఘాటు వాసన వేస్తాయి.

2. పాల ముక్కలను స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను మంచునీళ్ళ తొట్టిలో ఉంచాలి. కాస్టిక్‌ను కొద్దికొద్దిగా పాలలో వేస్తూ కలపాలి. కాస్టిక్ మీద పాలు పోయకూడదు, చిమ్ముతుంది.

3. నూనెలను గోరువెచ్చగా చేసి, వాటిలో ఈ పాలను సన్నని ధారగా పోస్తూ కలపాలి. దోసెపిండిలా చిక్కబడి, గరిటె లాగితే గీత నిలిచేదాకా ఆపకూడదు.

4. లోపల కాగితం పరిచిన చెక్క పెట్టెలోనో, ప్లాస్టిక్ డబ్బాలోనో పోసి చల్లని చోట పెట్టాలి. దుప్పటి కప్పరాదు. పాల సబ్బు తనంతట తానే వేడెక్కుతుంది.

5. ఒకటి రెండు రోజుల తరువాత చేతి తొడుగులు వేసుకుని ముక్కలు కోయాలి. 4 నుంచి 6 వారాలు గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి. ఏడు బిళ్ళల దాకా వస్తాయి. పీహెచ్ కాగితంతో చూస్తే 11 దాటితే ఆ విడత వాడవద్దు.

తప్పనిసరి జాగ్రత్తలు

అల్యూమినియం గిన్నెలు అసలు వాడకండి. కాస్టిక్ వాటిని తినేసి, మంట అంటుకునే వాయువును వదులుతుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, పొడుగు చేతుల బట్టలు ఉండాలి. కిటికీలు తెరిచి ఉంచాలి. పిల్లలు ఇంట్లో లేనప్పుడు చేయడం ఉత్తమం. కాస్టిక్‌ను మంచినీళ్ళ సీసాలో గానీ, వంటింటి డబ్బాలో గానీ ఎన్నడూ పోసి ఉంచరాదు. పంచదార అనుకుని పిల్లలు నోట్లో వేసుకుంటే గొంతు, అన్నవాహిక కాలిపోతాయి.

చర్మం మీద, కంట్లో పడితే 20 నిమిషాలపాటు ధారగా నీళ్ళు పోయాలి. కంట్లో పడితే ఆ తరువాత వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నిమ్మరసం, వెనిగర్ రాయకండి. మింగితే వాంతి చేయించకండి, నోరు కడిగి ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇది స్నానానికి, వైద్యానికి కాదు

పొడిచర్మం వారికి, చలికాలంలో ఈ సబ్బు హాయిగా ఉండవచ్చు. కాని బొల్లి (బర్స్), సోరియాసిస్, గజ్జి వంటివి సబ్బుతో నయం కావు. ఆరు నెలలు సబ్బు రుద్దుతూ కూర్చుంటే, తొలిదశలో చికిత్స మొదలుపెట్టే అవకాశం చేజారిపోతుంది. చర్మవ్యాధుల కోసం హైదరాబాద్ ఎర్రగడ్డలో జాతీయ యునానీ పరిశోధన సంస్థ ఉంది. తమిళనాడు వారికి చెన్నై రాయపురంలో ప్రాంతీయ యునానీ సంస్థ ఉంది. అర్హత గల తబీబ్‌కు గానీ, చర్మవైద్యునికి గానీ చూపించుకోండి.

పాలు పడని పిల్లలకు, ఎగ్జిమాతో చర్మం చిట్లిన వారికి పాల సబ్బు వద్దు. చిట్లిన చర్మానికి మేకపాలు కలిపిన లేపనాలు రాసుకున్న తరువాత పాల పదార్థాలకు తీవ్రమైన అలర్జీ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఇక, నాలుగు డబ్బులు వస్తాయని ఇంట్లో చేసి అమ్మాలనుకునే సోదరీమణులు ఒకటి గుర్తుంచుకోవాలి. అమ్మకానికి సబ్బు చేయాలంటే కాస్మెటిక్స్ నిబంధనలు, 2020 ప్రకారం లైసెన్సు తీసుకోవాలి. బొల్లి తగ్గిస్తుందని ప్రకటించడం 1954 నాటి చట్టం కింద నేరం. 'మేకపాలతో చేసిన మంచి స్నానపు సబ్బు' అని చెబితే చాలు. అది నిజం, కొనేవారికీ మోసం ఉండదు.